కండక్టరు ప్రశాంతి కొన్న గేమింగ్ కంప్యూటర్

ప్రశాంతికి కోపం వచ్చిందంటే ఫుట్‌బోర్డు మీద ఒక్కరు కూడా మిగలరు. రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లే బస్సులో పదిహేడేళ్లుగా ఆమె కండక్టరు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమైన దగ్గర్నుంచి ఆ బస్సులో కాలు పెట్టే చోటుండదు. అయినా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ టికెట్లు కొడుతుంది, సీటు తగాదాలు తీరుస్తుంది, ఎవరి చంటిపిల్లనో ఎవరి ఒళ్లోనో కూర్చోబెడుతుంది. ఇంత చేసే మనిషి ఒక కంప్యూటర్ కొంటానంటే, ఊళ్లో ప్రతివాళ్లూ అడిగింది ఒకటే ప్రశ్న. "ఎవరికమ్మా?"

ఎవరికేమిటి? ఆమెకే.

బస్సు నడపాలని ప్రశాంతికి చిన్నప్పటి నుంచి కోరిక. ఆ మాట ఇంట్లో అంటే నవ్వారు. ఉద్యోగంలో చేరాక డ్రైవరు మత్తయి వెనకాల నిలబడి, గేరు ఎప్పుడు మారుస్తాడో, కల్వర్టు దగ్గర ఎంత నిదానిస్తాడో చూస్తూ వచ్చింది. చూడటమే గానీ స్టీరింగు మీద చెయ్యి పడలేదు. ఆ మధ్య ఒక ప్రయాణికుడి ఫోనులో బస్సు నడిపే ఆట కనపడింది. గేర్లు, పక్క అద్దాలు, స్టాపుల్లో చెయ్యెత్తే జనం, అన్నీ ఉన్నాయి. పెద్ద తెర మీద ఆడాలంటే గేమింగ్ కంప్యూటర్ కావాలని ఆ ప్రయాణికుడే చెప్పాడు. నలభై నాలుగేళ్ల వయసులో ఆమెకు మళ్లీ ఆశ పుట్టింది.

బాపట్లలో ఇంజనీరింగు పూర్తిచేసి హాస్టలు ఖాళీ చేస్తున్న హర్ష తన కంప్యూటర్ అమ్ముతున్నాడని తెలిసి వెళ్లింది.

"మీ అబ్బాయి ఏం చదువుతున్నాడాంటీ?" అన్నాడు హర్ష.

"నాకు అబ్బాయి లేడు. ఆడేది నేనే నాయనా."

హర్ష నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు. అయితే నిజం దాచలేదు. "పాతదాంటీ. ఈ ఆటకి ర్యామ్ ఇంకో ఎనిమిది జీబీ పడుద్ది. ప్రాసెసర్ మీద ఫ్యాను కూడా బాగా అరుస్తోంది. ఎవరన్నా అబ్బాయిల్ని పిలిచి మార్పించుకోండి" అన్నాడు.

అబ్బాయిల్నే ఎందుకు పిలవాలి? స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి మీసాలు కావాలా? ప్రశాంతికి ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్ కొనుక్కొచ్చి, ర్యామూ ఫ్యానూ తనే తెప్పించింది. సెలవు రోజున ఫోనులో వీడియో పెట్టుకుని, భోజనాల బల్ల మీద కంప్యూటర్ డబ్బా మూత విప్పింది. రైసుమిల్లులో గుమస్తాగా చేసే భర్త చలపతిరావు స్క్రూలు వేసిన పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"కరెంటు కొట్టుద్దేమో చూసుకో" అన్నాడు.

"తీగ పీకేశానండి. మీరు స్క్రూలు పారెయ్యకుండా ఉంటే అదే పదివేలు."

ర్యామ్ టక్కుమని కూర్చుంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు రాసి, కొత్త ఫ్యాను పెట్టి నాలుగు మూలలా బిగించింది. మీట నొక్కగానే తెర వెలిగింది. ప్రశాంతి కళ్లు చెమ్మగిల్లాయి. ఆటలో బస్సు స్టార్టు చేసి, స్టాండులోంచి బయటికి తిప్పి, మొదటి సెంటరు దాటింది. ఏడో నిమిషంలో కంప్యూటర్ టపీమని ఆరిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ ఏడు నిమిషాలే. నాలుగు రోజులు పోరాడినా బస్సు ఊరు దాటలేదు.

అయిదో రోజు డబ్బాను దుప్పట్లో చుట్టి, మొగుడూ పెళ్లాలిద్దరూ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెనాలి తీసుకెళ్లారు. కంప్యూటర్ల షాపు యజమాని సంజీవరావు డబ్బా వంక ఒకసారి చూసి, చలపతిరావు వైపు తిరిగాడు.

"ఏంటి సార్ ప్రాబ్లమ్?"

"ఆరిపోతోందండి" అంది ప్రశాంతి.

"ఎన్నాళ్ల నించి సార్?" అని సంజీవరావు మళ్లీ చలపతిరావునే అడిగాడు.

"ర్యామ్, ఫ్యాను మార్చిన దగ్గర్నించి. ఏడు నిమిషాలకి ఆరిపోతోంది" అని ఆమే చెప్పింది. పాపం, చలపతిరావుకు ర్యామ్ అంటే ఏమిటో కూడా తెలియదు. మీసమున్న పాపానికి తల ఊపుతూ నిలబడ్డాడు.

"బోర్డు పోయింది సార్. వదిలేసి వెళ్లండి, ఎల్లుండి ఫోన్ చేస్తా."

"మూత తియ్యకుండానే బోర్డు పోయిందని ఎట్టా తెలిసిందండీ?"

"మేడమ్‌కి ఇవన్నీ తెలీవు కదా సార్. మనం మనం చూసుకుందాం" అన్నాడు సంజీవరావు, నవ్వుతూ.

ప్రశాంతి బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఇప్పుడే, నా కళ్ల ముందే విప్పండి. విప్పకపోతే ఈ పూట మీ బేరం సాగదు" అంది. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతది. సంజీవరావు విప్పాడు. ఫ్యాను పైకెత్తి, దాని అడుగునుంచి పల్చటి ప్లాస్టిక్ కవరొకటి పీకి అందరికీ చూపించాడు. ప్రాసెసర్ వేడి ఫ్యానుకు అందకుండా ఆ కవరే అడ్డుపడింది. బిగించే ముందు తీసెయ్యమని దాని మీద రాసే ఉంది. షాపులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు.

ప్రశాంతి ఇంట్లో కొత్త వస్తువు మీద కవరు తియ్యరు. ఫ్రిజ్జు తలుపుకీ, స్కూటర్ సీటుకీ మూడేళ్లుగా అలాగే ఉన్నాయి. తీస్తే పాతబడుతుందని వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. ఆ రాత ఆమె చూడకపోలేదు. అమ్మేవాళ్ల కోసం రాశారనుకుని, లేచిన అంచును వేలితో నొక్కి మరీ బిగించింది. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"పర్లేదు సార్, మొదటిసారి ఎవరికైనా అవుద్ది. కవరు సంగతి అట్టా ఉంచండి, బిగింపు మాత్రం మా కుర్రాళ్ల కంటే నీటుగా ఉంది. మీరే చేశారా?" అన్నాడు సంజీవరావు, చలపతిరావుతోనే.

చలపతిరావు మంచి మనిషి. భార్య మొహం చూసి గొంతు సవరించుకున్నాడు. "అవునండి, నేనే..." అన్నాడు.

ఆమె నోరు మూసుకుని ఉంటే ఆ నవ్వులన్నీ అతని ఖాతాలో పడిపోయేవి. అయితే ఆ బిగింపు కూడా అతని పేరు మీదే పోయేది.

"ఆయన కాదు, నేను!" అంది ప్రశాంతి. "ర్యామ్ వేసింది నేను, ఫ్యాను బిగించింది నేను, కవరు తియ్యని తెలివితక్కువదాన్నీ నేనే. మధ్యలో మీరెందుకండీ దూరతారు?"

"నీ పరువు కాపాడదామని..." అని చలపతిరావు గొణిగాడు.

"నా పరువు మీ జేబులో లేదు. పళ్లెం పట్టుకోండి. ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వండి సంజీవరావు గారూ."

ఎవరూ నవ్వలేదు. పాత పేస్టు గుడ్డతో తుడిచి, కొత్తది రాసి, ఫ్యాను తనే బిగించింది. షాపు తెరకు తగిలించి ఆట పెట్టింది. ఏడో నిమిషం వచ్చింది. ఎనిమిది, పది, పన్నెండు నిమిషాలయ్యాయి. బస్సు ఊరు దాటి పెద్ద రోడ్డెక్కింది. చూస్తున్న సంజీవరావుకు ఆశ్చర్యం ఆగలేదు.

"సార్, మేడమ్ బస్సు నడుపుతారా?"

"ఆవిడ మీ ముందే ఉందిగా. ఆవిణ్ణే అడగండి" అన్నాడు చలపతిరావు, చేతిలో పళ్లెంతోనే.

సంజీవరావు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "మీరు బస్సు నడుపుతారా అమ్మా?"

ప్రశాంతి తెర మీంచి చూపు తిప్పలేదు. "నడుపుతున్నాను కదండీ" అంది.