చార్టు మీది ఎర్ర నీళ్లు

మాది పటాన్‌చెరు దగ్గర పల్లె. మా ఆయన ఊరి పక్కనున్న మందుల కంపెనీల పని చేస్తడు. నిరుడు మా బిడ్డ శ్రావణి బడిల సైన్స్ ఫెయిర్ పెట్టిన్రు. ఆ కంపెనీ మేనేజరే ముఖ్య అతిథి. మేమిద్దరం గూడ పోయినం.

శ్రావణి నీటి చక్రం చార్టు గీసింది. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన అన్నీ చూపిచ్చుకుంట మంచిగ చెప్పింది. మేనేజర్ భూమి కింది నీళ్ల మీద వేలు పెట్టి, "ఇవి ఎర్రగున్నయేందమ్మా?" అని అడిగిండు.

"మా బోరుల గట్లనే వస్తయి సార్. కంపెనీ మురికినీళ్లు ఇంకి గట్లయినయట, మా నాయన చెప్పిండు."

మేనేజర్ మా ఆయన దిక్కు చూసిండు.

"చిన్నపిల్ల సార్, తెల్వక అన్నది" అనుకుంట మా ఆయన నీలం స్కెచ్ పెన్ను తీసుకొని, అందరి ముందట ఆ ఎరుపు మీద రుద్దిండు. నీళ్లు నీలం కాలె, నల్లగైనయి.

ఆయన నౌకరి పోలె. ఆ చార్టుకు రెండో బహుమతి గూడ ఇచ్చిన్రు. మేనేజర్ చేతుల నుంచి తీసుకుంటుంటే బిడ్డ మా దిక్కు చూడలె. మేం మాత్రం అందరితోని పాటు చప్పట్లు కొట్టినం.

బతుకుదెరువు కోసం మేం నోరు మూసుకున్నది చాలదని, ఉన్నదున్నట్టు చెప్పిన బిడ్డ నోరు గూడ మూయించినం.