పది వేళ్లు అడిగే ఉస్తాద్

మా ఉస్తాద్ పోయిన కబురు నేను ప్రెస్ మిషన్ ముందున్నప్పుడు వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య, మేమంతా చిన్నమ్మ అని పిలిచే ఆమె. "ఉస్తాద్ లేస్తలేడు బిడ్డా. చాయ్ ఇద్దామని లేపితే చెయ్యి సల్లగున్నది" అంది. మిషన్ ఆపేసి బయల్దేరాను. రాష్ట్రం వచ్చిన సంబురాల జెండాలు నాచారం ఫ్యాక్టరీల గేట్ల మీద ఇంకా ఉన్నాయి. ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. దారి పొడుగునా ఆటో నడిపే అతని మీద అరుస్తూనే ఉన్నాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు.

ప్రెస్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇనుప రేకును ఒక్క దెబ్బతో అచ్చు ప్రకారం కోసే మిషన్ అది. మధ్యలో వేలుంటే వేలూ తెగుతుంది. ఆ పని నాకు నేర్పింది ఉస్తాదే. సాయంత్రం సైరన్ మోగగానే ఆయన అందరికన్నా ముందు గేటు దగ్గర నిలబడేవాడు. బయటకు వచ్చే ప్రతి మనిషినీ "పది ఉన్నయా?" అని అడిగేవాడు. మేము రెండు చేతులూ ఎత్తి "ఉన్నయి ఉస్తాద్" అనాలి. బస్సు వెళ్లిపోతోందన్నా వదిలేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఎప్పుడూ ప్యాంటు జేబులో ఉండే ఆయన కుడిచెయ్యిని ఒక్కసారి చూశాక నవ్వడం మానేసేవాళ్లు. ఆ చేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు.

అవి తెగిన రోజు పక్క మిషన్ మీద నేనున్నాను. రక్తం చూసి అందరూ బిగుసుకుపోతే నేనే కదిలాను. తెగిన వేళ్లను ఏరి, గేటు బయట చెరుకురసం బండి దగ్గర గ్లాసు నిండా ఐసు తీసుకుని, అందులో వేసుకుని, ఆయన్ని ఆటో ఎక్కించాను. దగ్గరున్న దవాఖానాలో ఎముకల వార్డు ఉంది గానీ వేళ్లు అతికించే ఏర్పాటు లేదు. నగరం ఆ చివరికి పంపారు. అక్కడి డాక్టరు గ్లాసులోకి చూసి, ఉస్తాద్‌ను ఒక్కడినే లోపలికి పిలిచి ఏదో చెప్పాడు. ఆయన బయటికొచ్చి, "దూరమైంది గదరా, అందుకే అతకయంట" అన్నాడు. అంత నొప్పిలోనూ ఎడమచెయ్యి నా భుజం మీద వేశాడు. నేనైతే సమయానికి ఐసు తట్టినందుకు లోలోపల గర్వపడ్డాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత ఆయనకు ఒకటే పట్టుదల. దగ్గర దవాఖానాలోనే చేతులకు వేరే వార్డు కావాలి. నాలుగు మంచాలూ, సన్నటి రక్తనాళాలు కుట్టడానికి ఒక పెద్ద మైక్రోస్కోపూ ఉంటే పని మొదలుపెడతానని అక్కడికి వారానికోసారి వచ్చే డాక్టరమ్మ అంది. ఆ డబ్బు కోసం ఉస్తాద్ సెలవు రోజుల్లో ఫ్యాక్టరీల షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. స్కూటర్ నడిపేది నేను. చందా అనగానే ఓనర్లు ముఖం తిప్పుకునేవాళ్లు. ఇస్తే తమ షెడ్డులో వేళ్లు తెగుతాయని ఒప్పుకున్నట్టే కదా. ఉస్తాద్ ఎంతో వినయంగా, "మీ షెడ్ల ఎందుకయితది సార్. పక్క షెడ్ల అయితదేమోనని అడుగుతున్న" అనేవాడు. అలా నాచారంలో మేం తిరిగిన చోటల్లా ఓనర్లు పక్కవాడి షెడ్డు కోసమే ఇచ్చారు. ఇచ్చింది పైసలు కూడా కాదు, నెలకో డ్రమ్ము తుక్కు. ప్రెస్ కొట్టాక మిగిలే ఆ రేకు ముక్కలను కొనేవాడు సొమ్మును నేరుగా దవాఖానాకే కట్టేవాడు. "ఏ మిషన్ కోస్తున్నదో ఆ మిషనే కట్టాలె" అనేవాడు ఉస్తాద్.

చందాల కోసం పంచే కరపత్రం మీద ఆయన చెయ్యి ఫొటో వేద్దామని దవాఖానావాళ్లు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. "నా చేతికి అయ్యేది అయిపాయె. ఉన్న వేళ్లు జూసి ఇయ్యమనుండ్రి" అని, షిఫ్టు మొత్తాన్ని గేటు ముందు నిలబెట్టి, చేతులెత్తించి ఫొటో తీయించాడు.

ఒకరోజు టీ టైములో డాక్టరమ్మ కూడా మాతో ఒక షెడ్డుకు వచ్చింది. "వేలు తెగితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టండి. కవర్లో పెట్టి మూతి బిగించండి. ఆ కవర్ను ఐసు మీద పెట్టండి. వేలికి మాత్రం ఐసు నేరుగా తగలకూడదు. తగిలితే లోపలి కండ చచ్చిపోతుంది, ఇక అతకడం కష్టం" అని చెప్పింది. చేతిలోని టీ గ్లాసును నేను కింద పెట్టేశాను. ఉస్తాద్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

తిరుగు దారిలో స్కూటర్ పక్కకు ఆపి అడిగాను. "నీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"ఆ రోజే చెప్పిన్రు."

"మరి దూరమైందంటివి?"

"దూరం గూడ అయింది గదరా. అబద్ధమేం జెప్పలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మల్ల మిషన్ ముట్టకపోతుంటివి. ఒక్క దెబ్బకు ఇద్దరి చేతులు పోవుడెందుకు? పోనియ్, బండి తియ్" అన్నాడు. అన్నేళ్లు ఆ సంగతి ఆయన ఒక్కడే మోశాడు. నేను ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో ఆయన అన్నం కలుపుకోవడం చూస్తూ, నా డబ్బాలోది నేను తినేవాణ్ని.

బందులతో, ఆగిన పనులతో వార్డు ఆలస్యమైంది గానీ చివరికి తెరిచారు. కొన్ని నెలలకే పక్క షెడ్డులో ఒకతని బొటనవేలు తెగింది. తోటివాళ్లు గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, చెప్పింది చెప్పినట్టు తీసుకెళ్లారు. వారం తర్వాత ఉస్తాద్, నేను చూడటానికి వెళ్లాం. కట్టులోంచి వేలి కొస కనిపిస్తోంది. ఎర్రగా ఉంది, ప్రాణముంది. ఉస్తాద్ మంచం పక్కన నిలబడి "పది ఉన్నయా?" అన్నాడు. అతను కట్టు చెయ్యి కాస్త ఎత్తి "ఉన్నయి ఉస్తాద్" అన్నాడు. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను. నేను చేసింది దాంతో చెరిగిపోయిందనుకోను. ఉస్తాద్ మాత్రం లోపల మందుల గురించి అడుగుతున్నాడు.

ఆయన్ని మట్టి చేసిన మూడో రోజు షిఫ్టుకు వెళ్లాను. సాయంత్రం సైరన్ మోగింది. ఎప్పటిలాగే అందరూ గేటు దాకా వచ్చారు. కానీ ఎవరూ దాటలేదు. సంచులు భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాసేపటికి అందరూ నా వైపు చూశారు. ఆ మాట అడిగే అర్హత నాకు లేదనిపించింది. నా రెండు చేతులూ ఎత్తాను. ఒకరి తర్వాత ఒకరు డబ్బాలు నేల మీద పెట్టి, చేతులు పైకెత్తారు.