నా సమాధి రాయి ఫొటో

మొన్న మంగళవారం పొద్దున నేను చచ్చిపోయినా. నవ్వకండి, టీ తాగుతా సాంతం వినండి!

మార్కాపురంలో నాది పలకరాయి మీద పేర్లు చెక్కే దుకాణం కదా. ఇంటి పేరు బోర్డులు, పొలాల్లో పెట్టే సమాధి రాళ్ళు. బేరాల్లేక ఈగలు తోలుకుంటా, అందరూ పెడతన్నారని ఫోన్లో నేనూ ఒక పేజీ పెట్టినా. ఎవరన్నా మెసేజ్ పెడితే దానంతట అదే జవాబు పోయేట్టు సెట్టింగ్ కూడా చేసినా: "మీ సందేశం అందింది, సంతోషం. త్వరలోనే మిమ్మల్ని కలుస్తాం."

ఇంక సమాధి రాయికి శాంపిల్ కావాల. బతికున్నోళ్ళ పేరు చెక్కితే ఊరుకుంటారా? పోయినోళ్ళ పేరైతే వాళ్ళ పిల్లలు కొట్టడానికొస్తారు. ఎందుకొచ్చిన గొడవలే అని నా పేరే చెక్కినా. స్వర్గీయ రంగనాయకులు! కింద భార్యా పిల్లల పేర్లు. చనిపోయిన తేదీ ఖాళీగా ఉంటే బాగలేదని ఆ రోజు తేదీనే వేసినా. ఫొటో తీసి పేజీలో పెట్టి, ఫోను ఛార్జింగుకు తగిలించి, వెనక షెడ్డులో మిషన్ దగ్గర కూచున్నా.

రెండు గంటలయినాక ఒళ్ళంతా రాతి దుమ్ముతో టీ కోసం బయటికొచ్చినా. బజారు బజారంతా నా వైపే చూస్తంది. ఒక్కరూ పలకరు. "మస్తానన్నా, ఒక టీ" అని టీ కొట్టాయన్ను అడిగినా. ఆయన గ్లాసు చేతికియ్యలా. బల్ల మీద పెట్టి, నన్నే చూస్తా రెండడుగులు వెనక్కి పోయినాడు. ఏంది వీళ్ళకు? అసలు నేను వీళ్ళకు కనపడతన్నానా?

దుకాణంలోకొచ్చి ఫోను చూసినా. "ఆత్మకు శాంతి కలగాలి" అని వరసబెట్టి మెసేజులు. ప్రతి ఒక్కరికీ నా పేజీ జవాబిచ్చింది: "సంతోషం. త్వరలోనే మిమ్మల్ని కలుస్తాం." మా పెద్దమామకైతే రెండుసార్లు పోయింది! ఆయనకు ఫోన్ చేసి "మామా, నేనే" అన్నా. అవతల ఊపిరి చప్పుడొక్కటే వినపడింది. కట్!

మా ఆవిడకు ఈ శాంపిల్ సంగతి తెలుసు. తర్లుపాడులో తమ్ముడి దగ్గరున్న మా అమ్మకు తెలీదే! గుండెకు మందులు మింగే మనిషి. తమ్ముడు ఫోన్ ఎత్తడు. అమ్మకేమన్నా అయితే నన్ను చంపింది నేనే, ఆమెను చంపిందీ నేనే! మొహం కడుక్కునే ధ్యాస కూడా లేక బండి తీసినా.

తమ్ముడి ఇంటి ముందు నిండా చెప్పులు. లోపల ఏడుపులు. నేను గడపలో నిలబడంగానే అన్నీ టక్కున ఆగిపోయినాయి. ఆ నిశ్శబ్దానికి నాకే భయమేసింది, నా వెనక ఎవరన్నా ఉన్నారేమో అని తిరిగి చూసినా.

"తాకొద్దక్కా!" మా చిన్నమ్మ అరిచింది.

అమ్మ వినలా. లేచొచ్చి, నా బూడిద మొహమంతా తడిమి, చెవి పట్టి మెలిపెట్టింది.

"అబ్బా!"

"నా కొడుకే!" అని బోరుమనింది. నేనూ ఏడ్చినా, సిగ్గెందుకు?

నీళ్ళు తాగి కుదుటపడినాక, అమ్మ తమ్ముడి ఫోన్ తెప్పించుకోని ఆ రాయి మీదున్నదంతా చదివించుకుంది. నా వైపు చూసింది.

"ఏంరా, పెళ్ళాం పేరుంది, పిల్లల పేర్లున్నాయి. కన్నదాన్ని, నా పేరేదిరా?"

పేజీ పెట్టినాక నాకొచ్చిన మొట్టమొదటి ఆర్డరు అదే. మర్నాడు పొద్దున్నే ఉలి పట్టుకోని, నా సమాధి రాయికి నేనే కరెక్షన్ చేసుకుంటా కూచున్నా.