అడవిపందులు విన్న ఆల్బం

మా బ్యాండ్ మొదటి ఆల్బం మర్యాదస్తుల కోసం చేశాం. ప్రేమ, వెన్నెల, కొంచెం గిటారు. చుట్టాలు మెచ్చుకున్నారు, ఇంకెవరూ వినలేదు. రెండోది మా ఇష్టానికి చేశాం. వనపర్తిలో మూతబడ్డ పల్లీల మిల్లు షెడ్డులో నేను డ్రమ్స్ మీద విరుచుకుపడుతుంటే మా గాయకుడు గొంతు చించుకున్నాడు. అందులో మూడో పాట, తిమ్మాజిపేట దగ్గర వాళ్ల మేనమామ బోరు మోటారు కాలిపోయి చేను ఎండిన ఏడాది గురించి. హార్డ్ రాక్ అంటే ఇదే కదా అని మురిసిపోయాం.

ఆల్బం నెట్‌లో పెడితే ఈగ కూడా వాలలేదు. మా అమ్మ మాత్రం విని, "ఆ పిలగాడు ఎందుకు గట్ల ఒర్రుతుండు? దవాఖానకు తీస్కపోయిండ్రా?" అంది. గాయకుడికి అది నవ్వులాట కాదు. "ఇది గూడ నడువకుంటె బ్యాండ్ బంద్. కల్వకుర్తిల మా నాయిన ఎరువుల దుకాణంల కూసుంట," అన్నాడు. అతను పోతే మాకు మిగిలేది మోతే. నాకు నిజంగానే భయమేసింది.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. మా వైపు పల్లి చేలలో అడవిపందులను తరమడానికి మనిషి కేకలు రికార్డు చేసి మైకులో మోగిస్తారు. గాయకుడి మేనమామ తన చేలో ఆ కేకలు తీసేసి మా ఆల్బం పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఒక్క పంది రాలేదట! చుట్టుపక్కల రైతులు కాపీలు చేయించుకున్నారు. మా కెరీర్‌లో మొదటి హిట్టు అదే. నేను పడీపడీ నవ్వాను. గాయకుడు నా ఫోను కూడా ఎత్తలేదు.

అతను తన సామాను సర్దుకుపోవడానికి షెడ్డుకొచ్చిన రోజే మేనమామ ఉడకబెట్టిన పల్లికాయల సంచితో దిగాడు.

"అల్లుడా, పందులు అలవాటు వడ్డయి. పాట నడుస్తుంటెనే మేస్తున్నయి. జర కొత్తది జెయ్యిండ్రి."

"నా పాటలు పందులకేనా మామా?"

ఆయన ఒక కాయ ఒలిచి గింజలు అతని చేతిలో పెట్టాడు. "అన్ని దీసెయ్యి గని మూడోది ఉంచు. గది నేను ఇంట. మోటరు కాలిన్నాడు నాకు గూడ గట్లనే ఒర్రాల్ననిపిచ్చింది. నలుగురు జూస్తరని ఊకున్న."

గాయకుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. కాసేపటికి అతను చుట్టిన వైరు విప్పి మళ్లీ మైకుకు తగిలించి, మేనమామ ముందు పెట్టాడు.

"ఈడ ఎవ్వరు జూడరు మామా. ముందుగాల నువ్వే ఒర్రు."

మా మూడో ఆల్బం మొదలయ్యేది ఆ కేకతోనే.