ఖైదీ నీకేమవుతాడు?

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, నౌపడ స్టేషను దాటాక, రైల్లో ఎదుట కూర్చున్న ముసలి రైతు నా సంచినే అనుమానంగా చూశాడు. కొండల్లో తిరుగుబాటు, ఊళ్లలో పోలీసుల గాలింపు సాగుతున్న రోజులవి.

"ఏటి పని బావూ నీది?"

క్రైస్తవుల్లో మెథడిస్టు శాఖ పాస్టరునని చెప్పాను. తొలినాటి మెథడిస్టులు జైళ్లకు వెళ్లి ఖైదీలను పలకరించేవారని, మా విశ్వాసం అలా పెరిగిందని గొప్పగా వివరించాను.

"అప్పుడెల్లీవోరు సరే. ఇప్పుడెల్తారేటి?" అని గొంతు తగ్గించాడు. "మా కొడుకుని పోలీసులు అట్టుకుపోనారు. సూడ్డానికెల్తే మమ్మల్నీ అనుమానిస్తారని ఎవులూ ఎల్లనేదు."

కొడుకు పేరూ, ఏ జైల్లో ఉన్నాడో అడిగి తెలుసుకున్నాను.

మర్నాడు జైలు గేటు దగ్గర ఆ పేరు చెప్పగానే, కాపలా పోలీసు నన్ను ఎగాదిగా చూసి, "ఆడు నీకేటవుతాడు?" అని నిలదీశాడు.

"తమ్ముడు" అన్నాను.