వైబ్రేటర్ గున్నయ్యకు పని లేని గోడ

ఉద్దానం పల్లెల్లో కాంక్రీటు పోసే రోజంటే గున్నయ్యకు కబురు వెళ్లాల్సిందే. పోసిన కాంక్రీటుని కుదిపి సందుల్లేకుండా సర్దే వైబ్రేటర్‌ని ఇరవై ఆరేళ్లుగా పట్టిన చెయ్యి అది. టీ గ్లాసు అందుకుంటే సగం చొక్కా మీదే పడుతుంది. అందరూ వైబ్రేటర్ గున్నయ్య అంటారు. ఆ పేరంటే ఆయనకూ ముద్దే.

అలాంటి మనిషికి, మంచినీళ్ల ట్యాంకు గోడ దగ్గర, టెక్కలి నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు యామిని చల్లగా చెప్పింది.

"ఈ గోడకి వైబ్రేటర్ వద్దు మావా. ఇనుము దగ్గరదగ్గరగా ఉంది, వైబ్రేటర్ నీడిల్ గొట్టం లోపలికి దూరదు. తనంతట తానే సర్దుకునే కాంక్రీటు పోద్దాం."

గున్నయ్య మొహం మాడింది. "కాంక్రీటు దానంతటదే సద్దుకుంతే, నానేటి సేత్తాను? గొడుగు పట్టుకుని నిలబడనా?"

ఆ కాంక్రీటు పాళ్లు తేల్చడానికి యామిని దగ్గర రెండు పద్ధతులున్నాయి. మొదటిదాంట్లో పిక్క, అంటే కంకర, ఇసక ఎంతో ముందే ఖాయం. నీళ్లూ, సిమెంటూ, కాంక్రీటు జారేలా చేసే కెమికలూ మాత్రం సర్దుకోవాలి. తేలిక కదా అని దాన్నే పట్టుకుంది. పరీక్షకని అడుగు లేని డబ్బాలో కాంక్రీటు నింపి, డబ్బా పైకెత్తగానే కాంక్రీటు అట్టులా పరుచుకుంది. కానీ గోడలోని ఇనుములా చుట్టూ నిలబెట్టిన కడ్డీల దగ్గర పిక్క ఆగిపోయి, సిమెంటు గుజ్జు ఒక్కటే బయటికి వచ్చింది.

గున్నయ్య లోలోపల పండగ చేసుకున్నాడు. మూడోసారీ అలాగే అయ్యాక మాత్రం ఆ పిల్ల మొహం చూసి ఉండలేకపోయాడు. పిడికెడు పిక్క తీసి ఆమె ముందు చెయ్యి చాపాడు.

"సూడమ్మా, మన క్వారీ పిక్క పలకలు పలకలుగా ఉంతాది. నీ పుస్తకంలోది గుండ్రంగా ఉందేమో. బకెట్టులో ఏసి సూడు, ఎన్ని సందులో!"

యామిని కళ్లు వెలిగాయి. రెండో పద్ధతి సరిగ్గా అదే. పిక్కనీ ఇసకనీ రకరకాల పాళ్లలో బకెట్టులో నింపి తూచాలి. ఎక్కువ తూగిన చోట సందులు తక్కువ. ఆ సందులు నిండి, పిక్క తేలేంత గుజ్జు కలపాలి.

మధ్యాహ్నమంతా ఇద్దరూ తూకాలే. అన్నం క్యారేజీ తెచ్చిన గున్నయ్య భార్య కాంతమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇంట్లో ఒక్కపాలీ బియ్యం కొలిసి ఎరగడు, ఇక్కడ రాళ్లు తూత్తన్నాడు!"

ఆ పాళ్లతో కలిపి మళ్లీ డబ్బా ఎత్తితే, ఈసారి పిక్క కూడా కడ్డీల మధ్య నుంచి చేపపిల్లల్లా జారిపోయింది.

గోడ పోసిన రోజు ఖాళీ చేతులతో నిలబడలేక గున్నయ్య గోడకి బిగించిన చెక్కకు చెవి ఆనించి, లోపల కాంక్రీటు సర్దుకునే చప్పుడు విన్నాడు. చెక్కలు విప్పాక ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో తడిమాడు.

"అన్నేయం తల్లీ! తప్పు పట్టడానికి ఒక్క సిల్లయినా లేదు."

యామిని నవ్వి, భావనపాడులో మొదలయ్యే పనికి పాళ్లు చూడ్డానికి రమ్మంది. ఆలోచించి చెబుతానని గున్నయ్య బెట్టు చేశాడు. అటు తిరిగాక, పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికో వాకబు చేశాడు.