అద్దంలా తోమిన గంజు

పులుపు వంట ఏ గిన్నెలో కలిపారో అడగనిదే నేను ఏ పండుగ భోజనానికీ కూర్చోను. చుట్టాల్లో ఈ విషయంలో నాకు పెద్ద పేరే ఉంది. "ఆమె వస్తాంది, గిన్నెలు దాచుండ్రి" అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. ఎగతాళికి కడుపునొప్పి రాదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక రెండో బతుకమ్మ అది. మా అత్తగారి ఊరు నకిరేకల్ దగ్గర. నాకు పెళ్ళై అప్పటికి మూడేళ్ళు. నేను చౌటుప్పల్‌లో స్టీలు గిన్నెల మధ్య పెరిగినదాన్ని, ఇత్తడి సంగతి నాకేం తెలుసు! మా అత్తకు అటక మీద పెద్ద ఇత్తడి గంజు ఒకటి ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు అందులోనే చింతపండు సద్ది, అంటే పులిహోర, కలిపి చెరువుకట్టకు తీసుకుపోవాలని ఆ ఏడు ఆమెకు పట్టుదల. రాష్ట్రం వచ్చిన సంబరంలో ప్రతి ఇంట్లోనూ పాత సామాను కిందికి దిగుతోంది. ఆమె మాత్రం ఎందుకు తగ్గుతుంది?

"అద్దం లెక్క మెరవాలె బిడ్డా" అని గంజు తెచ్చి నా ముందు పెట్టింది.

నాకసలే పంతం ఎక్కువ. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి, కొబ్బరి పీచు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. బయట బంగారంలా తేలింది. లోపల చూస్తే తెల్లగా, మసకగా ఏదో పొర. ఎన్నేళ్ళ జిడ్డో అనుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని అత్తను మనసులో ఎద్దేవా చేసి మరీ ఆ తెలుపంతా గీకి పారేశాను. రెండు గంటలు పట్టింది, భుజాలు పడిపోయాయి. లోపలా బయటా ఒకటే మెరుపు. అత్తకు అప్పటికే చూపు మందగించింది. ఆమెకు మెరుపొక్కటే కనబడింది. "శెబాష్" అంటే పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆమె సద్ది కలిపింది. వేడి వేడి చింతపండు పులుసు, అన్నం, పోపు, పల్లీలు. పైన మూత పెట్టేసింది. గౌరమ్మకు పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు, ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి కూడా. ఇల్లంతా వాసన.

మా ఆడబిడ్డ తన నాలుగేళ్ళ కూతుర్ని తీసుకుని పండుగకు వచ్చింది. ఆ పిల్లకు నేనంటే ప్రాణం. మధ్యాహ్నం నుంచి నా కొంగు పట్టుకుని వదల్లేదు. "గింత పెట్టు అత్తమ్మా, గింతనే" అని ఒకటే నస. చిన్నపిల్లకు ఎంగిలేమిటి అనుకుని, అత్త తలస్నానానికి వెళ్ళినప్పుడు మూత తీసి పిడికెడు చేతిలో పెట్టాను. ఒక ముద్ద తిని "చేదు" అంది. పోపులో మెంతులు మాడాయేమో అనుకున్నాను. బతిమాలి మిగతాదీ తినిపించాను.

కాసేపటికి పిల్ల నిద్రపోయింది. అత్తా ఆడబిడ్డా బతుకమ్మలూ గంజూ ఎత్తుకుని చెరువుకట్టకు బయలుదేరారు. పిల్ల లేచాక తీసుకురమ్మని నాకు చెప్పారు.

పిల్ల లేస్తూనే కక్కింది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయి మళ్ళీ కక్కింది.  అబద్ధమెందుకు, ఎంగిలి చేసినందుకు గౌరమ్మకు కోపమొచ్చిందనే ముందు అనుకున్నాను. ఆడబిడ్డకు ఫోన్ చేస్తే అది గూట్లోనే మోగింది. పిల్లను భుజాన వేసుకుని, మా వాడకట్టు చివర ఉండే, ఊళ్ళో చిన్నాచితకా జబ్బులు చూసే నర్సమ్మ ఇంటికి పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె బతుకమ్మకు పోలేదు.

"ఏం తిన్నది?"

"చింతపండు సద్ది. పిడికెడంతే."

"ఏ గిన్నెల కలిపిండ్రు?"

"ఇత్తడి గంజుల."

ఆమె పిల్ల పొట్ట మీది చెయ్యి తీయలేదు. "కళాయి ఉన్నదా గంజుకు?"

"కళాయంటే?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! లోపల తెల్లగ ఉంటది సూడు, తగరం పూత. గది లేకుంటే పులుపు తగిలి ఇత్తడి కిలుమెక్కుతది. తిన్నోళ్ళకు కక్కులే. కళాయి పోసే సాయిబు ఊర్లకు రాక ఎన్నేండ్లాయె."

 తెల్లగా ఉన్నదాన్నే కదా నేను రెండు గంటలు కూర్చుని గీకింది!

"ఆ సద్ది ఏడున్నదిప్పుడు?" అని నర్సమ్మ అడిగింది.

"కట్ట మీద. అందరికి పంచుతరు."

"పిల్లను నేను జూస్త. ఉప్పు చక్కెర నీళ్ళు తాపుత, ఆగకుంటే దవాఖానకు తీస్కపోదాం. నువ్వు ఉరుకు!"

ఉరికాను. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. కట్ట మీద పాట ఆగిపోయింది. పాట ఆగిందంటే బతుకమ్మలు నీళ్ళలోకి వెళ్ళాయి, ఇక సద్దులు పంచడమే. అప్పుడు పడ్డ భయం నేను జీవితంలో మళ్ళీ పడలేదు.

నేను చేరేసరికి ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. అత్త గంజు ముందు పెట్టుకుని గరిటెతో తీస్తోంది, చుట్టూ పిల్లలు దోసిళ్ళు పట్టారు. నాకు నోరు పెగల్లేదు. పరుగెత్తిన ఆయాసం వల్ల అని చెప్పొచ్చు కానీ అది కాదు. నిజం చెబితే నేను చేసిన రెండు పనులూ ఊరందరి ముందూ బయటపడతాయి. అంతమంది పిల్లల ముందు నిలబడి నేను నా పరువు చూసుకున్నాను. ఛీ, ఇప్పుడు తలచుకున్నా నా మీద నాకే అసహ్యం.

అంతలో ఎదురింటి పిల్ల దోసిలి నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఆ చేతుల మీద ఒక్కటి వేశాను. సద్ది చెల్లాచెదురైంది.

"పెట్టకు అత్తమ్మా! కిలుమెక్కింది!"

"పండుగ పూట ఏం నోరే నీది?" అని అత్త గరిటె ఎత్తింది. "అత్త మీద కోపం సద్ది మీద దీస్తాంది" అని ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు. ఫోన్ లైటు వెయ్యమని, చేత్తో అన్నం పక్కకు జరిపింది. అంచు వెంట పచ్చగా గీత తేలింది. రెండు మెతుకులు నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"దీని కళాయి ఎవలు గీకిండ్రు?"

"నేనే."

"మూత పెట్టిన సద్ది కిలుమెక్కిందని నీకెట్ల తెలిసింది?"

తల ఎత్తలేకపోయాను. "పిల్లకు పెట్టిన. కక్కుతాంది. నర్సమ్మ దగ్గరుంది."

 ఆడబిడ్డ లేచి ఊరి వైపు పరుగెత్తింది. అత్త గంజును నా కాళ్ళ దగ్గరికి తోసింది.

"తోమిన చేతులతోనే పారబొయ్యి. కుక్కలు ముట్టకుంట మన్ను కప్పు."

అంతమంది చూస్తుండగా గుంత తీసి, పోసి, కప్పాను. ఏడుపు ఆపుకోలేదు, ఆగేది కూడా కాదు. అప్పటికే రెండు ముద్దలు తిన్న ముసలామె ఒకరు ఇంటికి పోయి కక్కుకున్నారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. పిల్లకు ఆ రాత్రికే వాంతులు ఆగాయి. తెల్లారి నకిరేకల్ దవాఖానలో చూపిస్తే భయం లేదన్నారు.

దసరా నాడు వంట నేనే చేశాను. కళాయి పోసేదాకా ఇత్తడి ముట్టేది లేదని అత్త చెప్పింది, అన్నీ స్టీలు గిన్నెలే. ఆడబిడ్డ అప్పటిదాకా నాతో మాట్లాడలేదు. పిల్లకు కంచంలో అన్నం, పప్పు, బూరె పెట్టి ఆమె ముందుంచాను. ఆమె ఆ కంచం మెల్లగా నా వైపే తిప్పింది.

"మొదలు నువ్వు తిను వదినె."

తిన్నాను. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఆమె కాసేపు ఆగింది. ఆ తర్వాతే బిడ్డ నోట్లో ముద్ద పెట్టింది.